పత్తి చెక్క గేదెకు సరే, గుడ్ల కోడికి వద్దు

గుంటూరు చుట్టుపక్కల పత్తి చెక్కకు, అంటే పత్తి గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పికి, కొదవేముంది! గేదెలకు పెట్టేదే పెరట్లో కోళ్లకూ ఓ గుప్పెడు వేసేస్తుంటారు. గుడ్లు పెట్టే పెట్టలకు మాత్రం వద్దండీ. చెక్కలో మిగిలిన నూనెలో స్టెర్క్యులిక్, మాల్వాలిక్ అనే కొవ్వు ఆమ్లాలుంటాయి. గట్టి కొవ్వైన స్టియరిక్ ఆమ్లాన్ని మెత్తని ఒలీయిక్ ఆమ్లంగా మార్చే ఎంజైమును అవి అడ్డుకుంటాయి. దాంతో కోడి ఒంట్లోనూ, పచ్చసొనలోనూ గట్టి కొవ్వు పెరుగుతుంది. సొన చుట్టూ ఉండే పొర పట్టు తప్పుతుంది. గుడ్డు కొన్నాళ్లు నిల్వ ఉంటే సొనలోని ఇనుము తెల్లసొనలోకి చేరి, అక్కడి ప్రొటీనుతో కలిసి గులాబీ రంగు తేలుతుంది. చెక్కలోని గాసిపాల్ అనే పసుపు రంగు పదార్థం వల్ల పచ్చసొన రంగు మారడం ఇంకో గొడవ. అలాంటి గుడ్డు ఎవరు కొంటారు?

బదులుగా అవిసె గింజలు కలపండి. 2-3 వారాల్లో సొనలో ఒమేగా-3 బాగా పెరుగుతుంది. మొత్తం మేతలో 10 శాతం దాటనివ్వద్దు, గుడ్డు చేప వాసన కొట్టొచ్చు. ఎప్పటికప్పుడు దంచుకోవాలి, పొడి నిల్వ ఉంటే కనరు వాసన వస్తుంది.

గేదె సంగతి వేరు. పత్తి గింజలు తిన్న గేదె నెయ్యి గట్టిగా పూసకడుతుంది, మనవాళ్లకు కావాల్సిందీ అదే.