రిమోట్ ఆయిల్ ఫిల్టర్ పెట్టించాలా వద్దా? పెట్టిస్తే ఎలా?

బండి కింద వెల్లకిలా పడుకుని ఆయిల్ ఫిల్టర్ విప్పుతుంటే వేడి ఆయిల్ మోచేతి దాకా కారిన ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది. ఆ ఫిల్టర్‌ని అక్కణ్ణించి తీసేసి, రెండు పైపులేసి, బ్యానెట్ ఎత్తగానే చేతికందే చోట పెట్టుకుంటే గొడవ వదులుతుంది కదా అని. దాన్నే రిమోట్ ఆయిల్ ఫిల్టర్ అంటారు. నా జీపుకి పెట్టించుకున్నాను, ఒకసారి దానివల్లే ఇంజన్ పోయేంత పనైంది, మళ్లీ సరిగ్గా చేయించుకున్నాను, కాబట్టి రెండు వైపులా చెప్పగలను.

ముందు అసలు మాట. కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉన్న మామూలు కారుకి ఇది వద్దు. వారంటీలో ఉన్న బండికైతే అసలే వద్దు, రేపు ఇంజన్‌లో ఏం తేడా వచ్చినా ఈ పైపుల వైపే వేలు చూపిస్తారు. ఇంజన్ మార్చిన పాత జీపులు, ఫిల్టర్ తిప్పి బిగించడానికి జానెడు జాగా కూడా లేని బళ్లు, ఘాట్ రోడ్లలో బరువు లాగుతూ ఆయిల్ కూలర్ కూడా పెట్టుకోవాలనుకునేవాళ్లు, వీళ్లకి మాత్రం ఇది పనికొస్తుంది.

అందులో ఉండేది ఇంతే. ఫిల్టర్ ఉండే చోట ఇంజన్‌కి ఒక అడాప్టర్ బిగిస్తారు, దానికి రెండు హోసులు, వాటి అవతలి కొసన ఫిల్టర్ పట్టుకునే హెడ్. ఒక హోసులో మురికి ఆయిల్ ఫిల్టర్‌కి వెళ్తుంది, రెండోదాంట్లో శుభ్రమైన ఆయిల్ ఇంజన్‌కి వస్తుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే ఇంజన్‌లో బేరింగులకి వెళ్లే ఆయిలంతా ఇప్పుడు ఆ రెండు హోసుల మీదుగానే వెళ్లాలి. ఒక్కటి ఊడినా, చిట్లినా పంపు తోడిన ఆయిల్ తోడినట్టు రోడ్డు మీద పోస్తుంది, ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ ఖాళీ అవడానికి ఎంతోసేపు పట్టదు.

పెద్ద ఫిల్టర్ పెడితే ఇంజన్ ఎక్కువ కాలం వస్తుందని చాలామంది నమ్ముతారు. మన దగ్గర బళ్లు తిరిగే తీరు చూస్తే అది అంత నిజం కాదు. పొద్దున్న ఇంటి నుంచి రొయ్యల చెరువుకి, అక్కణ్ణించి మేత కొట్టుకి, మళ్లీ ఇంటికి, ఒక్కో ట్రిప్పు మూడు నాలుగు కిలోమీటర్లు. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాం. దాంతో లోపల పట్టిన చెమ్మ, ఆయిల్‌లోకి దిగిన పెట్రోలు ఆవిరైపోవు. ఎంత పెద్ద ఫిల్టరైనా వాటిని తీయలేదు, ఆయిల్ మార్చడమే మార్గం. ఇంక దుమ్ము సంగతంటారా, దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద లేచే ధూళి ఇంజన్‌లోకి వెళ్లేది గాలి దారిన, అక్కడ కాపలా కాయాల్సింది ఎయిర్ ఫిల్టర్. ఈ కిట్‌కీ, హోసులకీ, లేబర్‌కీ పెట్టే డబ్బుతో చెప్పిన గడువు కంటే ముందే రెండు మూడుసార్లు ఆయిల్, ఫిల్టర్ మార్పించుకుంటే ఇంజన్‌కి అంతకంటే మేలు.

చెరువు గట్ల మీద తిరిగేటప్పుడు కింద ఫిల్టర్‌కి రాళ్లు తగులుతున్నాయని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. దానికి ఇనప రేకుతో ఛాంబర్ గార్డు వేయించుకోండి, చాలు.

ఇంకో విషయం, అన్ని ఇంజన్లకీ ఇది బిగియదు. స్విఫ్ట్, డిజైర్ డీజిల్ బళ్లలో వచ్చిన 1.3 మల్టీజెట్ ఇంజన్‌కి డబ్బా ఫిల్టర్ ఉండదు, కప్పు విప్పితే లోపల కాగితం ఫిల్టర్ ఉంటుంది. మామూలు అడాప్టర్ దానికి ఎక్కదు. దాన్ని కోసి, వెల్డింగ్ చేసి ఎక్కిస్తామని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి.

నా జీపు విషయానికి వస్తే, దానికి వేరే ఇంజన్ ఎక్కించాక ఫిల్టర్ సరిగ్గా స్టీరింగ్ రాడ్డుకి అడ్డం వచ్చింది. వేరే దారి లేదు. కిట్ తెప్పించుకుని ఒక మెకానిక్ దగ్గర బిగించాం. కిట్‌తో వచ్చిన హోసులు పొట్టిగా ఉన్నాయని ఆయన కొట్లో దొరికిన రబ్బరు పైపు వేసి, రెండు వైపులా స్క్రూ క్లిప్పులు బిగించాడు. నాలుగు నెలలు బాగానే తిరిగింది. ఏప్రిల్‌లో ఒకరోజు రావులపాలెం నుంచి అమలాపురం వెళ్తున్నాను, పలివెల దగ్గర రోడ్డు పక్కన ధాన్యం ఆరబోసుకుంటున్న ఒక పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "ఏవండీ, మీ బండి కింద ఆయిలు కారిపోతందండి, అల్లదిగో వెనకాల సూడండి" అన్నాడు. దిగి చూస్తే రోడ్డు మీద వేలెడు వెడల్పున నల్లగా తడి గీత, నేను వచ్చిన దారంతా. హోసు ఛాసిస్ అంచుకి రాసుకుని రాసుకుని పైరబ్బరు పోయి, లోపలి నూలు అల్లిక బయటపడి, దాని మధ్య నుంచి సూది మొనంత బెజ్జంలోంచి ఆయిల్ ఉబుకుతోంది. ఆయిల్ ఎంతుందో చూసే గేజీ కర్ర మీద ఆయిల్ అంటలేదు. ఆయిల్ లైటు మాత్రం ఇంకా వెలగలేదు. ఆ పెద్దాయన ఆపకపోతే ఇంకో రెండు కిలోమీటర్లలో ఇంజన్ పట్టేసేది. ఈ రోజుకీ ఆయనకి మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ లైటు సంగతి అందరూ తెలుసుకోవాలి. అది ఆయిల్ ఎంతుందో చెప్పదు, ప్రెషర్ దాదాపు అడుగంటాకే వెలుగుతుంది. బండి నడుస్తుండగా అది వెలిగిందంటే పక్కకి ఆపి వెంటనే ఇంజన్ ఆర్పేయడమే, ఇంటిదాకా పోదాం అనుకోకూడదు. రిమోట్ ఫిల్టర్ పెట్టించేవాళ్లు ముల్లుండే ఆయిల్ ప్రెషర్ మీటరు కూడా పెట్టించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు హోసులు. ఉన్న డబ్బంతా ఇక్కడ పెట్టండి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్‌తో ప్రెషర్ 5 బార్ దాటుతుంది, వేడి మీద ఆయిల్ 100 డిగ్రీలు దాటుతుంది. నీళ్ల పైపు, డీజిల్ పైపు ఈ రెండిటినీ కలిపి తట్టుకోలేవు. లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న హైడ్రాలిక్ హోసు కావాలి, చివర క్లిప్పు కాకుండా మిషన్‌తో నొక్కిన ఫిట్టింగ్ ఉండాలి. దీనికి మన వైపు కష్టపడక్కర్లేదు, చెరువులు తవ్వే పొక్లెయిన్లకీ, వరికోత మిషన్లకీ హోసులు చేసే షాపులు టౌన్లలో ఉన్నాయి. కొలత, ఆయిల్ వేడి చెబితే అప్పటికప్పుడు నొక్కి ఇస్తారు. లోపలి బెజ్జం అర అంగుళానికి తగ్గకూడదు. ఇంజన్ ఊగుతుంది కాబట్టి పొడవు కాస్త వదులుగా, కానీ ఎక్కడా మడత పడకుండా ఉండాలి. సైలెన్సర్ పైపుకి జానెడు దూరం. ఇనుము అంచు తగిలే ప్రతిచోటా రబ్బరు తొడుగు వేసి క్లాంపుతో కదలకుండా పట్టించండి.

తర్వాత అందరూ తడబడేది ఇన్, అవుట్ దగ్గర. ఫిల్టర్ మూతి చూడండి, చుట్టూ చిన్న బెజ్జాలు, మధ్యలో మరలు (థ్రెడ్) ఉన్న పెద్ద బెజ్జం. ఆయిల్ చుట్టూ ఉన్న బెజ్జాల్లోంచి లోపలికి పోయి మధ్యలోంచి బయటికి వస్తుంది. అడాప్టర్ మీద అవుట్ అని ఉంటే ఇంజన్‌లోంచి బయటికి వచ్చే దారి అని, అది ఫిల్టర్ హెడ్ మీద ఇన్ అని ఉన్నదానికి వెళ్లాలి. అవుట్‌ని అవుట్‌కి కలిపితే చాలా ఫిల్టర్లలో లోపలి రబ్బరు వాల్వు మూసుకుపోయి ఆయిల్ దారే ఆగిపోతుంది. రాత నమ్మకుండా నోటితో గాలి ఊది ఏ బెజ్జం ఎక్కడికి వస్తోందో చూసుకుని సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి.

అడాప్టర్ బిగించే ముందు ఇంజన్ వైపు పాత ఫిల్టర్ రబ్బరు వాషరు అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూడాలి, రెండు వాషర్లు ఒకదాని మీద ఒకటి పడితే ప్రెషర్‌కి జారిపోతుంది. మర సరిపోయినంత మాత్రాన చాలదు, వాషరు కూర్చునే చుట్టు కూడా సరిపోవాలి. హెడ్‌ని ఫిల్టర్ మూతి పైకి ఉండేలా, అంటే ఫిల్టర్ కిందికి వేలాడేలా పెట్టండి, బండి ఆపినా ఆయిల్ అందులోనే ఉంటుంది. ముందు చక్రం నీళ్లు చిమ్మే చోటు వద్దు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఇనప ఫిట్టింగులు తొందరగా తుప్పు పడతాయి, అక్కడివాళ్లు వాటికి గ్రీజు పూసి నెలకోసారి తుడిచి చూసుకోవాలి.

మొదటి స్టార్టింగ్‌కి తొందర వద్దు. ఫిల్టర్‌లో ఆయిల్ నింపి బిగించండి, వాషరుకి ఆయిల్ రాసి, అది ఆనాక చేత్తోనే ముప్పావు చుట్టు. పెట్రోలు బండికి ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకేసి, పాత డీజిలుకి స్టాప్ లాగి పట్టుకుని, పది సెకన్ల చొప్పున ఆగి ఆగి సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ లైటు ఆరిపోయాకే స్టార్ట్ చేయాలి. స్లోలో ఉంచి ప్రతి జాయింటు కింద తెల్ల కాగితం పెట్టి చూడండి, చిన్న చుక్కైనా పట్టిస్తుంది. ఆపి పది నిమిషాలాగి గేజీ చూడండి. అర అంగుళం హోసు మీటరుకి సుమారు 125 మిల్లీలీటర్లు పడుతుంది, పెద్ద ఫిల్టరైతే అదీ కలిపి, మొత్తం మీద అర లీటరు దాకా ఎక్కువ పోయాల్సి రావచ్చు.

యాభై కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, తర్వాత ప్రతి ఆయిల్ మార్పుకీ హోసుల పొడవునా చెయ్యి పెట్టి తడమండి. ఫిల్టర్ జాగా ఉన్న బండైతే పాత పద్ధతిలో నేరుగా ఇంజన్‌కి బిగించే మామూలు ఫిల్టర్, దాన్ని ఇంజన్‌కి పట్టించే మరల గొట్టం (నిప్పల్), నాలుగు లీటర్ల ఆయిల్ డబ్బా డిక్కీలో ఉంచుకోండి. దారిలో హోసు పోతే అడాప్టర్ విప్పేసి, అది బిగించుకుని, ఆయిల్ పోసుకుని ఇంటికి రావచ్చు.