జేడ్ బొమ్మ కొనేముందు రంధ్రంలోకి చూడండి

చైనా పాతకాలపు జేడ్ (బొమ్మలకూ నగలకూ వాడే గట్టి రాయి) చెక్కడం అని ఎవరైనా చూపిస్తే ముందు దారం ఎక్కించే రంధ్రంలోకి టార్చి వేసి, 10 రెట్ల భూతద్దంతో చూడండి. అప్పట్లో రాపిడి పొడితో రెండు వైపుల నుంచీ తొలిచేవారు. అందుకే అంచుల దగ్గర వెడల్పుగా, లోపలికి సన్నగా, రెండూ కలిసిన చోట చిన్న గట్టులా ఉంటుంది. గొట్టంలా తిన్నగా, నున్నగా ఉంటే కరెంటు డ్రిల్లును అనుమానించాల్సిందే.

తర్వాత తూకం. 59 గ్రాముల ముక్కను గిన్నె అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీస్తే 39 తూగాలి. 59ని తగ్గిన 20తో భాగిస్తే 2.95, అంటే రాయి నీటికంటే అన్ని రెట్లు బరువు. పాత చైనా జేడ్ రకమైన నెఫ్రైట్ లెక్కకు ఇది సరిపోయింది. 2.6 దగ్గరొస్తే సర్పెంటైనో (జేడ్‌లా కనిపించే మెత్తటి రాయి), గాజో. (రాయి అసలుదే అయినా పనితనం నిన్నటిది కావచ్చు, అది వేరే సంగతి.)

చైనా మింగ్ రాజుల కాలంనాటిదంటూ (1368–1644) నిగనిగలాడే ఆకుపచ్చ జేడైట్ (జేడ్‌లో రెండో రకం) ఇస్తే తీసుకోకండి. బర్మా నుంచి ఆ రాయి చైనాకు బాగా రావడం మొదలైంది 18వ శతాబ్దంలో.