రొట్టెల పండుగలో రొట్టె పట్టడం, వదలడం: మొదటిసారి నెల్లూరు వెళ్ళేవారికి

నెల్లూరు దర్గామిట్టలో, స్వర్ణాల చెరువు ఒడ్డున, పన్నెండు మంది అమరుల సమాధులున్న బారాషహీద్ దర్గా ఉంది. మొహర్రం సమయంలో ఐదు రోజుల పాటు అక్కడ జరిగే రొట్టెల పండుగను 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించింది. సర్వమత సమానత్వం గురించి ఉపన్యాసాలు చాలా విన్నాం కానీ, ఆ మాటను మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆచరించే చోటు ఇదొకటి. అక్కడ ఎదుటివారు మీ కులం, మతం, ఊరు అడగరు. ఏ రొట్టె కావాలనే అడుగుతారు.

ముందుగా పద్ధతి తెలుసుకోవాలి. కోరిక ఉన్నవారు చెరువులో దిగి, అదే కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టె తీసుకుంటారు. దీనిని రొట్టె పట్టడం అంటారు. కోరిక తీరాక మళ్ళీ వచ్చి, ఆ కోరికతోనే ఎదురుచూస్తున్న మరొకరికి రొట్టె ఇస్తారు. ఇది రొట్టె వదలడం. అంటే ఇచ్చేవారు నిన్నటి వరకూ అడిగినవారే. కనుక ఇక్కడ దాత చెయ్యి పైన, గ్రహీత చెయ్యి కింద అన్న లెక్క కుదరదు, నా దృష్టిలో ఈ పండుగ గొప్పతనమంతా అందులోనే ఉంది.

బయలుదేరే ముందే మీకు ఏ రొట్టె కావాలో తేల్చుకోండి. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, గృహ రొట్టె వంటివి పాతవి. పిల్లలను పై చదువులకు బయటి దేశాలకు పంపాలనుకునేవారు వెదుక్కునే విదేశీ రొట్టె కాలంతో పాటు వచ్చి చేరింది. పదవి ఆశించే నాయకులు కూడా రొట్టె పట్టడానికి వస్తారు, వారి చుట్టూ కెమెరాలుంటాయి కనుక ఆ వైపు వెళ్ళకపోవడం మేలు. "అంతా మంచి జరగాలి" అన్న కోరికతో నీళ్ళలో దిగితే మీకు జోడీ దొరకడం కష్టం. మనసులోని అవసరానికి ఒక్క మాటలో పేరు పెట్టగలగడమే ఇక్కడ మొదటి పని, అది అనుకున్నంత తేలిక కాదు.

వదలడానికి వెళుతున్నవారు రొట్టెలు ఇంట్లోనే కాల్చుకుని, శుభ్రమైన గుడ్డలో చుట్టి తీసుకువెళ్ళడం మంచిది. ఒడ్డున అమ్మేవి కూడా దొరుకుతాయి, తప్పేమీ లేదు. అయినా తెల్లవారుజామున లేచి పిండి కలిపిన రొట్టెను అపరిచితుల చేతిలో పెట్టడంలో ఉన్న తృప్తి వేరు.

నీళ్ళలో దిగేటప్పుడు త్వరగా ఆరే బట్టలు వేసుకోండి, ఫోను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి, చిన్నపిల్లల చెయ్యి వదలకండి. ఆ తరువాత సిగ్గు విడిచి కోరికను గట్టిగా పలకాలి. చదువుకున్నవాళ్ళం చాలామందిమి ఇక్కడే తడబడతాం. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నోరు పెగలక చాలాసేపు నిలబడిపోయాను. తలపై కొంగు కప్పుకున్న ఒక పెద్దావిడ నన్ను గమనించి, "ఏ రొట్టె నాయనా? గట్టిగా చెప్పు, ఆరోగ్యమైతే నా దగ్గరుంది" అన్నది. అమ్మ కోసమని చెప్పగానే రొట్టె నా అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో ఒక్క క్షణం మూసి, తన భర్తకు నయమైన సంగతి చెప్పి, అవతల మరొకరు పిలుస్తుంటే అటు తిరిగింది. ఆమె పేరు నేను అడగలేదు, నా పేరు ఆమె అడగలేదు.

రొట్టె అందాక పారవేయకుండా తినాలి, ఇంటికి తీసుకువెళ్ళి నలుగురూ పంచుకుని తిన్నా సరే. దర్గా లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పులు బయట విడిచి, తలపై టోపీ గానీ చేతిరుమాలు గానీ కొంగు గానీ కప్పుకోవాలి. దర్గాకు గంధం తెచ్చి సమర్పించే గంధ మహోత్సవం జరిగే రాత్రి విపరీతమైన రద్దీ ఉంటుంది కనుక వృద్ధులతో వచ్చేవారు ఆ పూట తప్పించి, మరునాడు ఉదయమే చెరువు దగ్గరికి చేరుకోవడం మంచిది.

నమ్మకం లేనివారు వెళ్ళవచ్చా అని కొందరు అడుగుతారు. వెళ్ళవచ్చు. రొట్టె వల్లనే ఉద్యోగం వచ్చిందని ఎవరూ మీ చేత ఒప్పించరు. అయితే సంతానం కోసమో జబ్బు తగ్గడం కోసమో గొంతెత్తి అడుగుతున్న మనిషి ముఖాన్ని ఫోనులో చిత్రీకరించి పదిమందికీ పంపడం మాత్రం వద్దు; వారు తమ బాధను బయటపెట్టింది ఎదురుగా రొట్టె పట్టుకున్నవారి కోసం, మన కోసం కాదు.

కోరిక తీరితే తిరిగి రావడం మరచిపోకండి. ఇందులో ఒక చిక్కుంది: మొహర్రంతో మొదలయ్యే ఇస్లామిక్ హిజ్రీ సంవత్సరం చంద్రమానాన్ని అనుసరిస్తుంది కనుక పండుగ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జూలై 17న మొదలైనది 2025లో జూలై 6నే మొదలైంది. అందువల్ల నిరుటి తేదీని నమ్ముకుని రైలు టికెట్టు కొనకండి. మొహర్రం ఎప్పుడు వస్తున్నదో ముందుగా చూసుకుని, ఆ లెక్క ప్రకారం సెలవు పెట్టుకోండి.