సబ్బు నురగ రాదు, రంగు నిలవదు: సోడా యాష్‌తో వచ్చే చిక్కులు, విరుగుళ్లు

మాది బోరు నీళ్ల ఇల్లు. ఆ నీళ్లతోనే బట్టలు ఉతుకుతాం, ఆ నీళ్లతోనే నేను కాటన్ చున్నీలకు రంగులు వేస్తాను. రెండింటికీ ఒకటే డబ్బా: సోడా యాష్. ఉతికేటప్పుడు అది అన్నిటికంటే ముందు పడాలి, రంగు వేసేటప్పుడు అన్నిటికంటే చివర పడాలి. నాకు తెలిసి సగం తిప్పలు ఈ వరస తప్పడం వల్లే.

ముందు చేతిలో ఉన్నది ఏ సోడానో చూసుకోండి. బజ్జీల పిండిలో వేసేది తినే సోడా, అది ఈ పనులకు చాలదు. పటికబెల్లం పలుకుల్లా మెరిసే బట్టల సోడాలో బరువులో 63 శాతం నీళ్లే ఉంటాయి. తెల్లటి పొడిగా ఉండేది సోడా యాష్. దీని 100 గ్రాముల పని ఆ పలుకులతో జరగాలంటే 270 గ్రాములు కావాలి.

సబ్బు నురగ రావడం లేదు, తెల్ల బట్టలు బూడిద రంగుకు తిరుగుతున్నాయి

కారణం: నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. సబ్బు వాటితో కలిసి విరిగిన పాలలా తెట్టు కడుతుంది. బకెట్ అంచున జిడ్డుగా పట్టేది, టవల్‌ను గరుకుగా చేసేది ఆ తెట్టే. చాకిరేవుల్లో పూర్వం చౌడు మట్టి వాడింది కూడా అందులో ఉండే సోడా క్షారం కోసమే.

పరిష్కారం: సబ్బు కంటే ముందు సోడా. తాగునీటి ప్రమాణాల్లో కాఠిన్యం (నీళ్లలోని ఆ కాల్షియం, మెగ్నీషియం లెక్క) లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. మీ బోరు నీళ్లు 500 ఉన్నాయనుకుంటే 20 లీటర్ల బకెట్‌కు 10 గ్రాములు, కాస్త పైన. తేలిక రకం పొడి అయితే తలకొట్టిన టీస్పూన్లు దాదాపు నాలుగు. వేసి కలిపితే నీళ్లు పలచటి మజ్జిగలా తెల్లబడతాయి. అరగంట కదపకండి. అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. సున్నపురాయిలో ఉండే పదార్థమే అది. పైన తేరిన నీళ్లు మెల్లగా వేరే బకెట్‌లోకి వంచుకుని అప్పుడు సబ్బు కలపండి. వేడి నీళ్లలో ఇంకా త్వరగా తేరుతుంది. మెగ్నీషియం ఎక్కువగా ఉంటే మాత్రం సోడా ఒక్కటే పూర్తిగా పని చేయదు.

సోడా వేశాక బట్టలు అట్టల్లా బిగుసుకుపోయాయి

సోడా, సబ్బు, బట్టలు ఒకేసారి వేసి ఉంటారు. ఆ మడ్డి నీళ్ల అడుక్కి దిగకుండా పోగుల్లో దిగింది. చివరిసారి జాడించే నీళ్లలో పావు కప్పు వెనిగర్ వేయండి, మెత్తబడతాయి. చాలా డిటర్జెంట్ పొడుల్లో సోడా యాష్ ముందే ఉంటుంది, వాటితో వాడితే కొలత తగ్గించాలి.

రంగు వేసిన చున్నీ మొదటి ఉతుకులోనే వెలిసింది

కారణం: చన్నీళ్ల రియాక్టివ్ రంగు కాటన్‌ను పట్టుకోవాలంటే నీళ్లు బాగా క్షారంగా మారాలి. అలా మారిన క్షణం నుంచి ఆ రంగు గుడ్డతోనూ కలుస్తుంది, నీళ్లతోనూ కలుస్తుంది. గుడ్డ రంగు పీల్చుకోకముందే సోడా వేస్తే సగం రంగు నీళ్లపాలే. నేను మొదట్లో రంగు, ఉప్పు, సోడా ఒకే మగ్గులో కలిపేసి, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక గుడ్డ ముంచాను. తొట్టిలో నెమలికంఠం నీలం ధగధగలాడింది. జాడిస్తే మిగిలింది ఆకాశం రంగు.

పరిష్కారం: లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పుతో రంగునీళ్లు చేసి గుడ్డ వేసి, అరగంట తిప్పుతూ ఉండండి. ఆ తర్వాత లీటరుకు 20 గ్రాముల లెక్కన సోడా యాష్‌ను గోరువెచ్చటి నీళ్లలో విడిగా కరిగించండి. గుడ్డను పక్కకు లాగి, రెండు మూడు విడతలుగా పోయండి. గుడ్డ మీదే పోస్తే మచ్చలు పడతాయి. ఇంకో గంట ఉంచి, ముందు చన్నీళ్లలో, తర్వాత వేడి సబ్బు నీళ్లలో జాడించండి. మిగిలిన రంగునీళ్లు రేపటికి పనికిరావు, దాచకండి.

వరస సరిగ్గా ఉన్నా వెలిస్తే ఒక పోగు కాల్చి చూడండి. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే అందులో పాలిస్టర్ ఉంది, ఈ రంగు దానికి ఎక్కదు. లేదా తినే సోడా వేశారేమో. దాన్ని పళ్లెంలో పలచగా పరిచి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే సోడా యాష్ అవుతుంది. 100 గ్రాములు తూకంలో 63కి దిగితే మారినట్టే.

అదే చెంచా, అదే కొలత, ఈసారి ఘాటు రెట్టింపు

షాపువాళ్లు లైట్ (తేలిక పొడి) బదులు డెన్స్ (బరువైన) రకం ఇచ్చి ఉంటారు. అదే చెంచాలో అది దాదాపు రెట్టింపు బరువు పడుతుంది. డెన్స్ ప్రధానంగా గాజు ఫ్యాక్టరీల సరుకు. తేలిక పొడి కొలిమిలో ఎగిరిపోతుంది కాబట్టి వాళ్లు బరువైన గుళికలు అడుగుతారు. ప్రపంచంలో సోడా యాష్ దాదాపు సగం గాజుకే పోతుంది. ఇసుక కరగాలంటే 1700 డిగ్రీల వేడి కావాలి, సోడా కలిస్తే చాలా తక్కువకే కరుగుతుంది. వాళ్లకూ ఒక చిక్కుంది: ఒట్టి ఇసుక, సోడాతో చేసిన గాజు నీళ్లలో కరిగిపోతుంది. అందుకే సున్నపురాయి కలుపుతారు. మీరు మాత్రం చెంచా మానేసి వంటింటి త్రాసు వాడండి.

గిన్నె నల్లబడింది, బుడగలు వస్తున్నాయి

అది అల్యూమినియం గిన్నె. సోడా దాన్ని తినేస్తుంది. మా అత్తయ్య పెద్ద డేగిసా ఒకటి నా చేతుల్లో ఇలాగే పాడయింది, ఇప్పటికీ పండక్కి ఒకసారి గుర్తుచేస్తారు. స్టీలు గానీ ప్లాస్టిక్ గానీ వాడండి. చింతపండు నీళ్లు మరిగిస్తే నలుపు చాలావరకు పోతుంది.

పొడి గడ్డకట్టింది

గాలిలో తేమ పీల్చింది. చితక్కొట్టి ఉతుకుడుకు వాడుకోవచ్చు. తూకం నమ్మలేం కాబట్టి రంగులకు వద్దు.

చేతులు జారుతున్నాయి, తర్వాత మండుతున్నాయి

చర్మంలోని జిడ్డు సబ్బుగా మారుతోంది. ధారగా నీళ్లు పోసి కడుక్కోండి, ఇకపై గ్లవ్స్ వేసుకోండి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పట్టు, ఉన్ని కూడా మన చర్మంలాంటివే. పట్టుచీరను ఈ నీళ్ల దరిదాపుల్లోకి రానివ్వకండి.