బొంగురుపోయిన గొంతుకు స్ట్రా సాధన: టీచర్లకు, పాడేవాళ్లకు

జూన్‌లో బడులు తెరిచిన రెండు మూడు వారాలకే చాలామంది టీచర్ల గొంతు జీరపోతుంది. వరసగా కచేరీలు ఒప్పుకున్న గాయకులదీ, ఎన్నికల ప్రచారంలో తిరిగే వక్తలదీ ఇదే బాధ. అలాంటప్పుడు కొందరు ఇంకా గట్టిగా అరిచి నెట్టుకొస్తారు, ఇంకొందరు గుసగుసలతో రోజు గడుపుతారు. రెండూ మంచివి కావు. గుసగుసలాడుతున్నామంటే గొంతుకు విశ్రాంతి ఇస్తున్నట్టు కాదు. చాలామందిలో ఆ సమయంలో గొంతు కండరాలు మరింత బిగుసుకుంటాయి.

గొంతు వాడుతూనే దాన్ని తేరుకోనిచ్చే సాధన ఒకటుంది. గొట్టం కొస నీళ్లలో ముంచి, గొంతుతో శబ్దం చేస్తూ బుడగలు తెప్పించడం. 1960లలో ఫిన్లాండ్‌లో గాజు గొట్టాలతో మొదలైన ఈ పద్ధతిని ఇప్పుడు స్పీచ్ థెరపిస్టులు చాలా దేశాల్లో వాడుతున్నారు.

అయితే ముందు పరీక్ష, తర్వాతే సాధన. జలుబు తగ్గినా గొంతు మూడు వారాలకు మించి బొంగురుగానే ఉంటే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర లారింగోస్కోపీ (గొంతు లోపలికి చూసే పరీక్ష) చేయించుకోవాలి. సిగరెట్, ఖైనీ, గుట్కా అలవాటున్నవాళ్లు, మింగేటప్పుడు నొప్పి ఉన్నవాళ్లు, మెడలో గడ్డ తగులుతున్నవాళ్లు, ఉమ్మిలో రక్తం కనబడినవాళ్లు అన్నాళ్లు కూడా ఆగకూడదు. అరుస్తుండగానో, పై స్థాయిలో పాడుతుండగానో గొంతు ఒక్కసారిగా ఆగిపోతే స్వరతంత్రుల్లో, అంటే గొంతులో కంపించి ధ్వని పుట్టించే రెండు మడతల్లో, రక్తం చిమ్మి ఉండవచ్చు. అప్పుడు స్ట్రా కూడా ముట్టుకోవద్దు. పూర్తి మౌనం పాటించి, ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి. నొప్పికని సొంతంగా ఆస్పిరిన్ వేసుకోకండి, రక్తస్రావం పెరుగుతుంది.

ఇంతకీ ఈ బుడగల వల్ల ఏం జరుగుతుంది? మాట్లాడేటప్పుడు మగవాళ్ల స్వరతంత్రులు సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవాళ్లవి సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. గొంతు పెంచితే ఆ తాకిడి బలమూ పెరుగుతుంది. దెబ్బ ఎక్కువగా పడేది తంత్రుల ముందు కొస నుంచి మూడో వంతు ముగిసే చోట. నాడ్యూల్స్ అనే చిన్న కాయలు అక్కడే కడతాయి. గొట్టం కొస నీళ్లలో ఉంటే గాలికి అడ్డు ఏర్పడి, కొంత ఒత్తిడి వెనక్కి గొంతులోకి వస్తుంది. ఆ ఒత్తిడి తంత్రులను కాస్త ఎడంగా నిలుపుతుంది. అవి కంపిస్తూనే ఉంటాయి గాని, ఢీకొట్టుకునే జోరు తగ్గుతుంది.

కావలసినవి: 35 సెం.మీ. పొడవు, లోపల 9 నుంచి 12 మి.మీ. వెడల్పు ఉన్న మెత్తని సిలికాన్ గొట్టం. మేస్త్రీలు మట్టం చూసే పైపు లావుంటే చాలు, కాని ఆహారానికి పనికొచ్చే సిలికాన్‌దే కొనండి. అది దొరికేదాకా లస్సీ తాగే లావుపాటి స్ట్రాతో మొదలుపెట్టవచ్చు. సన్నని జ్యూస్ స్ట్రా కొత్తవాళ్లకు కష్టం. ఒక సీసాలో సగం దాకా నీళ్లు పోసి, గొట్టం మీద 2 సెం.మీ. దగ్గర, 5 సెం.మీ. దగ్గర పెన్నుతో గీతలు పెట్టుకోండి.

ఈ లోతు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. బుడగ రావాలంటే గొట్టం ఎన్ని సెం.మీ. మునిగిందో కనీసం అంత నీటి మట్టపు ఒత్తిడితో ఊదాలి. మామూలు మాటకు ఊపిరితిత్తుల నుంచి కావలసిందే 5 నుంచి 10 సెం.మీ. ఒత్తిడి. అందుకే 10 సెం.మీ. ముంచితే సాధన కాస్తా ముక్కడంగా మారుతుంది. మొదటి వారం 2 సెం.మీ. దాటొద్దు. ఆ తర్వాత కూడా 5 చాలు.

నిటారుగా కూర్చుని సీసాను నోటి దగ్గరికి తెచ్చుకోండి, మీరు సీసా మీదికి వంగొద్దు. పెదవులు గొట్టం చుట్టూ మూసుకోవాలి, పళ్లతో కొరకొద్దు. ముందు శబ్దం లేకుండా ఊది, బుడగలు ఒకే తీరుగా వచ్చేలా చూసుకోండి. తర్వాత హాయిగా పలికే స్థాయిలో "ఊ" కలపండి. 5 నుంచి 8 సెకన్లు, అయిదారుసార్లు. అది కుదిరాక "ఊ"ను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి మెల్లగా జార్చండి. చివరికి ఒక తెలిసిన పాట పల్లవిని మాటలు లేకుండా గొట్టంలోనే పాడండి. మొత్తం రెండు మూడు నిమిషాలు, రోజుకు అయిదారుసార్లు. పొద్దున అరగంట చేసి వదిలేయడం కన్నా పీరియడ్ల మధ్య రెండేసి నిమిషాలే ఎక్కువ మేలు.

సరిగ్గా చేస్తుంటే చెంపలు వదులుగా వణుకుతాయి, పెదవుల దగ్గర జుమ్మంటుంది, గొంతులో ఏమీ తెలియదు. బుడగలు వస్తూ శబ్దం ఆగిపోతే గాలి ఎక్కువ వదులుతున్నారు. శబ్దం ఉండి బుడగలు తగ్గితే గొంతు బిగించారు, లేదా గాలి ముక్కులోంచి పోతోంది. ముక్కు మూసి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. తల తిరిగితే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గొట్టంలో బాగున్న గొంతు క్లాసులోకి వెళ్లగానే పాత దారి పడుతుంది. అందుకే గొట్టం తీసిన వెంటనే అదే జుమ్మనడం ముక్కు, పెదవుల దగ్గర ఉండేలా "మ్‌మ్" అనండి. దాన్నుంచి "మామ, మామిడి, నాన్న, నేను" లాంటి మాటలకు, ఆపై "మామయ్య మామిడిపళ్లు మోసుకొచ్చాడు" లాంటి వాక్యాలకు, చివరికి రేపటి పాఠంలో మొదటి పేరాకు రండి.

పాడేవాళ్లు ఇదే వరసలో మధ్య షడ్జం మీద "మ్" పట్టి, సరళీ వరసలు మొదటి కాలంలో, గొంతు పెంచకుండా పాడాలి. తార స్థాయి, జంట స్వరాల నొక్కులు, వేగమైన బిర్కాలు (గొంతును చకచకా తిప్పే స్వరాల గుత్తులు) కొన్నాళ్లు పక్కన పెట్టండి. అకారాన్ని గొంతు కొట్టి ఎత్తకుండా, చిరు "హ" కలిపి "హా" అని మొదలుపెట్టండి. శ్రుతి కూడా సరిచూసుకోవాలి. హార్మోనియం మెట్ల లెక్కలో మగవాళ్లు సాధారణంగా ఒకటికీ రెండుకూ మధ్య, ఆడవాళ్లు నాలుగున్నరకూ ఆరుకూ మధ్య పాడతారు. ఐదున్నరలో తార పంచమం దగ్గర మెడ నరాలు ఉబ్బుతుంటే ఐదుకు దిగండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. శ్రుతి గొంతుకు కుదరాలి గాని, గొంతును శ్రుతికి బలి పెట్టకూడదు.

గొంతు సవరించుకునే అలవాటు ఉంటే, అలా అనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్లు మింగండి. మిరియాల పాలు, శొంఠి కషాయం గొంతు పైభాగానికి హాయినిస్తాయి గాని స్వరతంత్రులను తాకవు. మింగినదంతా అన్నవాహికలోకి పోతుంది. తంత్రులకు నేరుగా తడి అందించేది ఆవిరి. మామూలు నీటి ఆవిరి 5 నుంచి 10 నిమిషాలు పట్టండి, అందులో బామ్ వేయొద్దు, మంట పుట్టిస్తుంది. కడుపులోని పులుపు గొంతులోకి ఎగదన్నకుండా రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి. పొద్దున లేవగానే గొంతు మరీ బొంగురుగా ఉంటే పుల్లని తేన్పుల సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. పిల్లలను నిశ్శబ్దంగా ఉంచడానికి అరవకుండా చప్పట్లు కొట్టండి. అరవై మంది ఉన్న క్లాసులో నడుముకు కట్టుకునే చిన్న మైకు సోకు కాదు, పనిముట్టు.

నాడ్యూల్స్ మొదటి దశలో ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల థెరపీ తర్వాత మళ్లీ పరీక్ష చేసి చూస్తారు. చాలామందికి ఆపరేషన్ దాకా రాదు. ఈఎన్‌టీ పరీక్షకు హైదరాబాద్ కోఠీలో, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి. థెరపిస్టును ఎంచుకునేటప్పుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. వెళ్లేముందు ఒకే పేరాను పొద్దున ఒకసారి, పని ముగిశాక ఒకసారి చదివి ఫోన్లో రికార్డు చేసి తీసుకెళ్లండి. క్లినిక్‌లో ఆ పూట గొంతు బాగానే పలికినా, సాయంత్రానికి ఎంత దిగిపోతోందో థెరపిస్టుకు తెలుస్తుంది.