దగ్గర్లోని గవర్నమెంట్ హైస్కూల్లో చేర్చే ముందు ఏం చూడాలి

ముందే చెప్తున్నా, రిజల్ట్ పర్సంటేజ్ ఒక్కటే చూసి డిసైడ్ అయిపోవద్దు. నూటికి నూరు పాస్ అని బోర్డు పెడతారు కానీ పరీక్ష రాసింది ఎంతమంది, అదే బ్యాచ్‌లో రెండేళ్ల కింద ఎంతమంది ఉండేవాళ్లు అని అడగండి, 60 మందిలో 40 మందే పరీక్ష దాకా వచ్చి అందరూ పాసైతే కాగితం మీద అది 100 శాతమే, మరి ఆ మిగతా 20 మంది ఏమైనట్టు? కొందరు ఊరు మారి ఉంటారులెండి, అయినా అడగాలి. చిన్న స్కూలైతే మూడేళ్లవి చూడండి, ఇద్దరు ఫెయిలైనా పర్సంటేజ్ ఢమాల్న పడిపోద్ది.

తర్వాత మామూలు వర్కింగ్ డే రోజే వెళ్లండి, ఫంక్షన్ రోజు అన్నీ తళతళలాడతాయి. లెక్కలకీ సైన్సుకీ సబ్జెక్ట్ టీచర్ ఉన్నారా, ఎవరో ఒకరు సర్దుతున్నారా కనుక్కోండి. నేనైతే ఒక పిల్లాడి నోట్‌బుక్ అడిగి తిరగేస్తా, తప్పు లెక్క మీద కూడా టిక్కే ఉందంటే ఎవరూ చదవలేదనే, అదే తప్పు పక్కన రెండు ముక్కలు రాసి, కింద పిల్లాడు మళ్లీ చేసుంటే చదువు బాగున్నట్టే. లైబ్రరీ బీరువాకి తాళం, ల్యాబ్ సామాను మీద దుమ్ము, ఇవి చెప్పకనే చెప్తాయి. బాత్‌రూముల్లో నీళ్లొస్తున్నాయా, లోపల గడియ పడుతోందా, ఆడపిల్ల ఉంటే ఇది ఫస్ట్ చూడండి.

ఎవరైనా ఏడిపిస్తే ఎవరికి చెప్తారు అని హెడ్మాస్టర్ని కాదు, గేటు దగ్గర పిల్లల్ని అడగండి, టక్కున ఒక టీచర్ పేరు చెప్తే సగం టెన్షన్ తీరినట్టే.