కమ్మల్లో రాళ్లు మసకబారాయా? నిమ్మకాయ తీసే ముందు ఇది చదవండి

శ్రావణ మాసం ఇంకో పది రోజులు ఉందనగానే మా అంగడిలో వినపడే మాట ఒకటే. "ఏందన్నా, రవ్వలు మెరవడం లేదు, రాళ్లు మార్చాల్నా?" వరలక్ష్మీ వ్రతానికని బీరువాలోంచి నగలు తీస్తారు, వెలుతురులో పెట్టి చూస్తారు, టెన్షన్ పడతారు. కొందరు నేరుగా మా దగ్గరికి వస్తారు. ఎక్కువమంది మాత్రం ఇంట్లో నిమ్మకాయో చింతపండో పెట్టి రుద్ది, పని చెడ్డాక వస్తారు. ప్రొద్దుటూరులో రాళ్లు తాపడం, నగల రిపేరు ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నాను. సగానికి పైగా నగల్లో రాయికి ఏమీ అయి ఉండదు, ఎవరూ నగను తిరగేసి వెనక చూసి ఉండరు, అంతే.

రవ్వలో మెరుపు తగ్గింది

కమ్మను తిరగేయండి. వెనక రెండు రకాలుగా ఉంటుంది. రాయి అడుగు భాగం కనపడేలా బంగారంలో రంధ్రం ఉంటే అది తెరిచిన కట్టడం. రాయి వెనక అంతా బంగారు రేకుతో మూసేసి ఉంటే మూసిన కట్టడం. ఇది చూసుకోకుండా నీళ్లలో ముంచొద్దు, ఎందుకో కింద చెప్తాను.

తెరిచిన కట్టడం అయితే నూటికి తొంభై మార్లు కారణం జిడ్డే. వజ్రానికి నీళ్లు అంటవు, నూనె మాత్రం వెంటనే పట్టుకుంటుంది. గనుల్లో ఈ గుణాన్నే వాడుకున్నారు, కంకరను నీళ్లతో కలిపి గ్రీజు పూసిన పలకల మీదుగా పోనిస్తే మామూలు రాళ్లు జారిపోయి వజ్రాలు గ్రీజుకు అతుక్కునేవి. మీ కమ్మల్లో జరిగేదీ అదే, కాకపోతే ఇక్కడ గ్రీజు బదులు తలకు రాసిన కొబ్బరినూనె, ముఖానికి రాసిన పసుపు, పౌడరు, సబ్బు. పైనుంచి పడిన వెలుతురు రాయి అడుగు ముఖాలకు తగిలి తిరిగి పైకి వస్తేనే మెరుపు కనిపిస్తుంది. అడుగున జిడ్డు పొర పేరుకుంటే ఆ వెలుతురు వెనక నుంచే బయటికి పోతుంది. అందుకే ముందువైపు ఎంత తుడిచినా లాభం లేదు, మురికి ఉన్నది వెనక.

మన దగ్గర దీనికి తోడు బోరు నీళ్లు. అనంతపురం వైపు నీళ్లలో సున్నం ఎక్కువ, సబ్బుతో కలిస్తే నురగ రాదు సరికదా, తెల్లగా జిగటగా ఒక పొర కడుతుంది. అది నూనె జిడ్డు మీద పడి ఆరితే రాయి కూర్చునే గూటి అంచుల్లో పెచ్చులా అవుతుంది.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు. నీళ్లు ఫిల్టర్‌వి అయితే మంచిది. పదిహేను నిమిషాలు నానబెట్టి, చిన్నపిల్లల మెత్తని బ్రష్‌తో వెనక రంధ్రంలోంచి రుద్దండి. ఫిల్టర్ నీళ్లతోనే కడిగి, మెత్తని గుడ్డ మీద ఆరబెట్టండి. సింకులో పైపు కింద పట్టుకుని కడగొద్దు. రాయి ఊడితే ఆ రంధ్రంలోకే పోతుంది, అలా పోగొట్టుకుని ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లను చూశాను. పేస్టు, సోడా, విభూతి పెట్టి తోమొద్దు, వజ్రానికి ఏమీ కాదు గానీ బంగారానికి సన్నని గీతలు పడతాయి.

ఇక మూసిన కట్టడం. అవ్వల కాలం నాటి ఏడు రాళ్ల కమ్మలు, లక్క నింపిన హారాలు ఎక్కువగా ఇవే. వాటిలో రాయి కింద మెరుపు కోసం సన్నని రేకు పెట్టి ఉంటుంది, రాయి తళుకులో చాలా భాగం ఆ రేకుదే. వీటిని నానబెడితే అంచుల సందుల్లోంచి నీళ్లు లోపలికి దిగి రేకు నల్లబడుతుంది, రాయి మొత్తం బూడిద రంగులో కనిపిస్తుంది. ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు, గూడు విప్పి రేకు మార్చాల్సిందే. వీటిని పొడి గుడ్డతో తుడవడం తప్ప ఇంకేమీ చేయొద్దు.

రాయి కదులుతోంది

చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టండి, టిక్ టిక్ మని వినిపిస్తే వదులైనట్టే. చీర కొంగు దారాలు ఉంగరానికి తగులుకుంటున్నా రాయిని పట్టుకునే కొక్కెం లేచినట్టే. వెంటనే తీసి డబ్బీలో పెట్టి పనివాడి దగ్గరికి తీసుకెళ్లండి. ఫెవిక్విక్ పూయొద్దు. దాన్ని వదిలించడానికే మాకు ఒక పూట పడుతుంది.

కెంపులో తెల్లని గీతలు, సాలెగూడు లాంటి పగుళ్లు వచ్చాయి

నేను దెబ్బతిన్నది ఇక్కడే.

2011లో తాడిపత్రి నుంచి ఒకావిడ కెంపు ఉంగరం తెచ్చింది, జాతకానికని వాళ్లింటి పెద్దాయన పెట్టుకునేది. సైజు పెంచాలి. కెంపు కాఠిన్యం పదికి 9, వజ్రం తర్వాత అదే, మంటకు కూడా తట్టుకుంటుంది కదా అని రాయిని గూటిలో ఉంచే పక్కన కోసి, వెలిగారం (బోరాక్స్) వేసి, అతుక్కి టంకం పెట్టి మంట పట్టాను. అంతకు ముందు వందల ఉంగరాలు అలాగే చేశాను. చల్లారాక పులుపు నీళ్లలో వేసి తీస్తే ఎర్రగా నిగనిగలాడిన రాయి నిండా తెల్లని గీతలు, ఒక మూల పైన సన్నని గుంటలు. ఆవిడ ఏమీ అనలేదు, ఉంగరాన్నే చూస్తూ నిలబడింది. రాయి డబ్బులు ఇచ్చాను. కానీ అదేమిటో అర్థం కాక చాలా రోజులు నిద్రపట్టలేదు.

తర్వాత రాళ్ల వ్యాపారి ఒకరు లూప్ (రాళ్లు చూసే చిన్న భూతద్దం) చేతికిచ్చి చూపించారు. అది కెంపే, కానీ గాజు నింపిన కెంపు. పగుళ్లు నిండిన, పనికిరాని ముడి కెంపును ఆసిడ్‌తో శుభ్రం చేసి, పగుళ్లలోకి సీసం కలిపిన గాజును కరిగించి దింపుతారు. సీసం గాజు వెలుతురును వంచే తీరు కెంపుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పగుళ్లు కంటికి కనపడవు, మసకగా ఉన్న రాయి ఎర్రగా తేటగా మారుతుంది. 2004 ప్రాంతంలో ఇవి బజారులోకి వచ్చాయి, ఆ తర్వాత ఊరూరా అంగళ్లలో నిండిపోయాయి. కొన్నింటిలో గాజు ఎంత ఎక్కువంటే, గాజు తీసేస్తే రాయి ముక్కలవుతుంది.

కెంపు దాదాపు 2050 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆ గాజు అంతకంటే చాలా తక్కువ వేడికే మెత్తబడుతుంది, మా టార్చి మంట చాలు. ఇంకో సంగతి, వెలిగారం కూడా వేడి మీద కెంపు పైభాగాన్ని తింటుంది, గాజు లేని మంచి కెంపునైనా సరే. గూటిలో ఉంచి మంట పెట్టడమే తప్పు. ఆ రోజు నుంచి రాయి తీయకుండా టంకం పెట్టలేదు.

మంట పెట్టేది పనివాడు. ఇంట్లో పెట్టేది నిమ్మకాయ, అసలు నష్టం దానితోనే. సీసం గాజును పులుపు తినేస్తుంది. నమ్మకం కుదరక నేనే చేసి చూశాను. అలాంటి చిన్న రాయి ఒకటి కొని, రాత్రి నిమ్మరసం పిండిన గ్లాసులో వేశాను. తెల్లారి కడిగి లూప్ కింద పెడితే, నిన్న అద్దంలా ఉన్న ముఖం మీద పగులు పోయిన దారంతా పల్లం పడి తెల్లగా కనిపించింది, చేలో నీళ్లు పారి కోసిన కాలవల్లాగా. గోరుతో గీకితే అంచు తగులుతోంది. పక్కనే అదే గ్లాసులో వేసిన పాత ఫ్యాక్టరీ కెంపుకు మచ్చ కూడా పడలేదు. ఫ్యాక్టరీలో కెంపు చేయడం 1902లోనే వచ్చింది, అవ్వల కమ్మల్లో ఎర్ర రాళ్లు చాలావరకు అవే. అవ్వ తన కమ్మలను చింతపండుతో తోమితే ఏమీ కాలేదు కదా అని మనవరాలు తన కొత్త ఉంగరాన్ని తోముతుంది. రెండూ ఎర్రగానే ఉంటాయి, లోపల ఉన్నది వేరు.

జాతకం ఉంగరం అయితే ఇంకా కష్టం. రాయి వేలికి తగలాలని వెనక తెరిచి కడతారు, కుడిచేతి ఉంగరపు వేలికి పెడతారు. ఆ చేత్తోనే సంగటి ముద్ద తుంచుతాం, ఊరిబిండి నంజుతాం, చింతపండు పులుసు, నిమ్మకాయ ఊరగాయ కలుపుతాం. ఏ రోజూ నిమ్మకాయ పెట్టి తోమకపోయినా రోజుకు రెండు పూటలా పులుపు తగులుతూనే ఉంటుంది. గాజు నింపిన రాయి పెట్టుకుంటే అన్నం తినే ముందు తీసేయండి.

మీది అలాంటిదో కాదో ఎలా తెలుస్తుంది? ముందు బిల్లు చూడండి. హాల్‌మార్క్ ఉంది కదా, ఆరు అక్షరాలు, అంకెలతో ఉండే హెచ్‌యూఐడీ నంబర్ ఉంది కదా అంటారు. అది బంగారం గురించి మాత్రమే చెప్తుంది, 916 అంటే నూటికి 91.6 వంతుల బంగారం అని. రాయి గురించి అందులో ఒక్క మాట ఉండదు. రాయికి విడిగా ల్యాబ్ సర్టిఫికెట్ ఉంటే అందులో గాజు నింపారా, వేడి చేశారా అన్న మాట కోసం వెతకండి. వేడి చేయడం కెంపుల్లో మామూలే, దానికి భయం లేదు. గాజు నింపడం వేరే సంగతి.

సర్టిఫికెట్ లేకపోతే ధర గుర్తు తెచ్చుకోండి. పెద్దగా, ఎర్రగా, తేటగా ఉన్న నిజం కెంపు క్యారెట్ వందల రూపాయలకు రాదు. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంత చిన్న తూకానికే మంచి కెంపు వేలు, లక్షలు పలుకుతుంది. ఆ తర్వాత పది రెట్ల లూప్‌తో, బల్బు కింద రాయిని మెల్లగా అటూ ఇటూ వంచుతూ చూడాలి. ఒక కోణంలో పగులు వెంట నీలి మెరుపు తళుక్కుమని మాయమవుతుంది, నీళ్ల మీద పెట్రోలు పడితే కనపడే రంగులా. దాంతో పాటు గుండ్రటి గాలి బుడగలు కూడా కనిపిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు. లూప్ లేకపోతే ఏ రాళ్ల అంగడిలో అడిగినా ఒక నిమిషం చూసి చెప్తారు.

గీతలు వచ్చేశాక ఏం చేయాలి? నిజం చెప్పాలంటే ఇంట్లో గానీ మా దగ్గర గానీ దాన్ని పాత రూపానికి తేలేం. పైపైన ఉంటే పాలిష్‌తో కొంత తగ్గుతుంది, లోపలికి దిగి ఉంటే రాయి మార్చుకోవడమే. నూనె రాస్తే గీతలు కనపడవు అని కొందరు రాసిస్తారు, అది నాలుగు రోజుల ముచ్చట. గీతలు ఇంకా రాలేదంటే తడి చేసి పిండిన మెత్తని గుడ్డతో తుడవండి, చాలు. నిమ్మకాయ, చింతపండు, వెనిగర్, బాత్రూం ఆసిడ్, నగలు కడిగే అల్ట్రాసోనిక్ మెషిన్ ఏవీ వద్దు. ఉంగరం సైజుకు ఇచ్చేటప్పుడు "రాయి తీసి చెయ్యన్నా" అని నోరు తెరిచి చెప్పండి. కూలి కొంచెం ఎక్కువవుతుంది, ఇవ్వండి.

పచ్చ, ముత్యం, పగడం

పచ్చల్లో ఎక్కువవాటికి పగుళ్లు కనపడకుండా నూనె పట్టించి ఉంటారు. వేడి నీళ్లు, అల్ట్రాసోనిక్ తగిలితే నూనె పోయి రాయి తెల్లబారుతుంది. ఇది నయం, మంచి పనివాడు మళ్లీ నూనె పట్టించగలడు.

ముత్యం పసుపు రంగుకు తిరిగితే కారణం చెమట, సెంటు. ముత్యం, పగడం రెండూ సున్నం జాతివే, పులుపు తగిలితే కరుగుతాయి, కాఠిన్యం 3, 4 దగ్గరే కాబట్టి దుమ్ములో ఉండే ఇసుక రేణువు కూడా గీస్తుంది. అన్నీ అయ్యాక చివర్లో వేసుకోండి, ఇంటికి రాగానే ముందు తీయండి, తుడిచి విడి గుడ్డ సంచిలో పెట్టండి. ఆ పసుపు రంగు పూర్తిగా పోదు.

అరుదుగా వచ్చేవి

బంగారం మీద ఉన్నట్టుండి వెండి రంగు మచ్చ పడితే పాదరసం తగిలినట్టు, పగిలిన థర్మామీటర్ ఎక్కడుందో వెతకండి. స్టవ్ మీద పెట్టి కాల్చొద్దు, ఆ ఆవిరి విషం. వేలు నల్లబడితే బంగారంలో కలిపిన రాగి, వెండికి చెమట తగిలి అలా అవుతుంది, నగ నకిలీ అనుకోనక్కర్లేదు.

తొలకరి పడ్డాక వజ్రాలు దొరికే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో రాయి ఏరుకుని "మెరవడం లేదన్నా, కడిగితే మెరుస్తుందా" అని అడిగేవాళ్లూ ఉంటారు. సానపట్టని వజ్రం కమ్మల్లో రవ్వలా మెరవదు, నూనె రాసినట్టు మందంగా నిగారిస్తుంది. గాజును గీసింది కదా అంటే పలుగురాయి కూడా గీస్తుంది. సుత్తితో కొట్టి మాత్రం చూడొద్దు. కాఠిన్యం వేరు, దెబ్బకు నిలవడం వేరు, వజ్రం సరైన దిక్కున దెబ్బ తగిలితే చీలిపోతుంది. మట్టి కడిగి, గుడ్డలో చుట్టి, వజ్రం టెస్టర్ మెషిన్ ఉన్న అంగడికి తీసుకెళ్లండి, మీ ఎదుటే సూది ఆనించి చూడమనండి.